ఎర్త్ పట్టీ ఎందుకు తీశామంటే

లేడీస్ హాస్టల్, మూడో గది
జూన్ 9

మావయ్యకి,

చేరాను. మంచం కిటికీ పక్కన దొరికింది. ఈ రెండు ముక్కలూ ముందు అమ్మకి చదివి వినిపించి, మిగతాది తీరిగ్గా చదువుకో. చదివేటప్పుడు నీకు గిట్టని వాక్యాలు మింగెయ్యకు. కిందటిసారే అమ్మమ్మకి అనుమానం వచ్చింది. "కాయితం నిండా రాసుంటే వీడు నాలుగు ముక్కలు చదివి మడిచేశాడేంటే" అని నన్నడిగింది.

ఉద్యోగం కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో. మూడు నెలలు పని చూస్తారట. నచ్చితే ఉంచుతారు, లేకపోతే పంపేస్తారు. ల్యాబ్ మేడమ్ మొదటిరోజే తేల్చి చెప్పేసింది. ఆవిడ మంచిదే కానీ, నవ్వడానికి కూడా ఎవరో సంతకం పెట్టాలన్నట్టు ఉంటుంది. మనింట్లో బడి గడప దాటి లోపలికెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే కదా. మూడు నెలల తర్వాత బ్యాగు సర్దుకుని తిరిగొస్తే అమ్మ ఏమీ అనదు. ఏమీ అనదనే నా భయం.

ఇక్కడ నాకు అప్పగించినవి పవర్ సప్లై పెట్టెలు. ఒక్కోటి మన రేడియో అంత ఉంటుంది. గోడ కరెంటు లోపలికి తీసుకుని, మనం ఎన్ని వోల్టులు అడిగితే అన్ని బయటికిస్తుంది. సున్నా నుంచి ముప్పై దాకా. ముందువైపు మూడు టెర్మినల్స్: ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. రెండు నాబ్‌లు: ఒకటి వోల్టేజికి, రెండోది కరెంట్ లిమిట్‌కి. లిమిట్ అంటే నీకు ఇట్టే అర్థమవుతుంది. కొత్తగా చుట్టిన మోటార్‌కి నువ్వు నేరుగా కరెంటివ్వకుండా మధ్యలో బల్బు పెడతావు చూడు, లోపల ఏదైనా కలిసిపోయుంటే బల్బు వెలుగుతుందే గానీ ఫ్యూజు పోదు. ఆ బల్బుని పెట్టె లోపలే పెట్టి, దాన్ని పెంచడానికీ తగ్గించడానికీ ఒక నాబ్ ఇచ్చారనుకో.

మొత్తం పన్నెండు పెట్టెలు. అన్నిటి దుమ్మూ తుడిచాను. నీ షాపులో ఎనిమిదేళ్ళు కూర్చున్నదాన్ని, దుమ్ముకి భయపడతానా?

నీ మేనకోడలు


మోటార్ వైండింగ్ షాపు, బల్ల మీద
జూన్ 17

ఒసే మీటరూ,

ఉత్తరం అందింది. అన్నీ చదివా, ఏదీ మింగలేదు. మీ అమ్మ కిటికీ పక్క మంచం అనగానే "వాన జల్లు కొడుతుందేమో" అంది. నీకు ఉద్యోగమొచ్చిందని సంతోషపడటానికి ఇంకా టైము తీసుకుంటుందిలే.

ముప్పై వోల్టులా? ముప్పైకి చీమ కూడా చావదు. దానికి పన్నెండు పెట్టెలు, ఒక మేడమ్, ఒక ఉద్యోగమా! నేను రోజూ నాలుగొందల వోల్టుల పక్కన కూర్చుని టీ తాగుతున్నా, నాకెవరూ జీతమివ్వట్లేదు. సరే, వేళాకోళానికి అన్నాలే. పెట్టె లోపల బల్బు సంగతి బావుంది. ఎవడో బుర్రున్నోడే చేసుంటాడు.

ఒక్కటే చెబుతా, చెవిలో వేసుకో. ఏ పెట్టె చేతికొచ్చినా ముందు ఎర్త్ ఎక్కడుందో చూడు. కనబడితే బిగించు. కనబడకపోతే ముట్టుకోకు. ఎర్త్ లేని పెట్టె, బ్రేకు లేని సైకిలు ఒకటే. నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఇదే బల్ల మీద కూర్చుని నాకు "అ ఆ" దిద్దబెట్టావు, దానికి బదులుగా నేను నీకు నేర్పిన మొదటి పాఠం ఇదే. మర్చిపోతే ఊరుకోను.

నా రాత బాగుందా? వంకర్లు తగ్గాయా?

మావయ్య


లేడీస్ హాస్టల్
జూలై 8

మావయ్యకి,

రాత బాగుంది. 'ళ' ఇంకా కాళ్ళు చాపుకుని పడుకుంటోంది, అంతే.

నేను క్షేమం. ఇక్కడ వానలు. ల్యాబ్‌లో చిన్న పొరపాటు జరిగింది, పెద్ద విషయం కాదు. మేడమ్ నాకో పని ఇచ్చింది. రెండు పవర్ సప్లైలు కలిపి వాడటం ఎలాగో ఒక కార్డు రాయాలి. ఆ కార్డు పట్టుకుని, ఎప్పుడూ వాటిని ముట్టుకోని మనిషి ఒకరు, నా సాయం లేకుండా పని మొత్తం చెయ్యగలగాలి. ఆగస్టు చివర్లో పరీక్ష. అది గట్టెక్కితే ఉంచుతారు.

అమ్మమ్మ మోకాలు ఎలా ఉంది? నేను క్షేమం.

నీ మేనకోడలు


మోటార్ వైండింగ్ షాపు
జూలై 15

మీటరూ,

పది లైన్ల ఉత్తరంలో రెండుసార్లు క్షేమం అని రాశావు. క్షేమంగా ఉన్నవాళ్ళెవరూ రెండుసార్లు రాయరు. మోటారు మామూలుగా తిరుగుతుంటే ఎవరూ షాపుకి తేరు కదా, ఇదీ అంతే.

చిన్న పొరపాటు అన్నావు. ఎంత చిన్నది? వాసనొచ్చిందా, పొగొచ్చిందా? చెయ్యి కాలిందా? ముందు చెయ్యి సంగతి రాయి. తర్వాత మిగతాది. మీ అమ్మకి ఈ ముక్క చదివి వినిపించలేదు. "వానలు పడుతున్నాయట" అని మాత్రం చెప్పా.

అమ్మమ్మ మోకాలు భేషుగ్గా ఉంది. పొద్దున్నే నన్ను తిట్టడానికి మేడ మెట్లన్నీ ఎక్కొచ్చింది.

మావయ్య


లేడీస్ హాస్టల్
జూలై 21

మావయ్యా,

చెయ్యి బాగానే ఉంది. రెండు చేతులూ బాగానే ఉన్నాయి. ఈ ఉత్తరం వాటితోనే రాస్తున్నా.

అంతా రాస్తాను. రాయకపోవడానికి కారణం వేరే ఉంది, అదీ రాస్తాను.

మేడమ్ ఒక సర్క్యూట్ బోర్డు నెలరోజులు కూర్చుని స్వయంగా తయారు చేసుకుంది. దానికి మూడు తీగలు కావాలి: ప్లస్ పదిహేను, సున్నా, మైనస్ పదిహేను. అందుకు రెండు పెట్టెల్ని గొలుసులా కలపాలి. మొదటి పెట్టె నలుపునీ రెండో పెట్టె ఎరుపునీ ఒక తీగతో కలిపితే, ఆ కలిసిన చోటు సున్నా అవుతుంది. మొదటిదాని ఎరుపు ప్లస్, రెండోదాని నలుపు మైనస్. అంతవరకు సరిగ్గానే చేశాను.

ఆకుపచ్చ టెర్మినల్ అంటే ఎర్త్. దాన్నీ నలుపునీ కలపడానికి చిన్న రాగి పట్టీ ఉంటుంది. అది మన ఇష్టం, కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు. మొదటి పెట్టెకి పట్టీ ఉంది. రెండోదానికి లేదు, ఎవరో తీసేశారు. అది చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఎర్త్ తీసేస్తారా! డ్రాయరంతా వెతికి పట్టీ తెచ్చి బిగించాను, స్క్రూ కిర్రుమనేదాకా.

ఆన్ చేశాను. రెండో పెట్టె సున్నా వోల్టులు చూపించింది, కరెంటు లిమిట్‌ని తాకిందని చెప్పే ఎర్రదీపం వెలిగింది. బోర్డు ఎక్కువ లాగుతోంది కాబోలు, ఇంకాస్త ఇద్దామని కరెంట్ లిమిట్ నాబ్ చివరిదాకా తిప్పాను. కలిపే తీగ సన్నది. పైతొడుగు కరిగి బోర్డు మీద పడింది. పొగ, వాసన, రెండూ వచ్చాయి మావయ్యా. స్విచ్ తీసేసేలోపు మేడమ్ బోర్డు ఒక మూల నల్లబడింది, ఒక చిప్ పోయింది.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. రెండు పట్టీలూ ఉండటంవల్ల రెండు పెట్టెల నలుపులూ ఎర్త్ ద్వారా కలిసిపోయాయి. మొదటి నలుపు దగ్గరే కదా రెండోదాని ఎరుపు కలిసుంది. అంటే రెండో పెట్టె ఎరుపూ నలుపూ ఒకదానికొకటి అంటుకున్నట్టే.

మేడమ్ అరవలేదు. "ఆ పట్టీ నువ్వెందుకు పెట్టావు?" అంది. నేను "పొరపాటు, మేడమ్" అన్నాను. నువ్వు చెప్పావని అనలేదు. నీ మాట అక్కడ తప్పయిందని నీకు రాయడం కూడా నాకు ఇష్టం లేకపోయింది. అందుకే రెండుసార్లు క్షేమం అని రాశాను.

నీ మేనకోడలు


మోటార్ వైండింగ్ షాపు
జూలై 27

ఉత్తరం అందింది.

ఎర్త్ తీసెయ్యమన్నవాళ్ళు పెద్ద చదువులు చదువుకున్నవాళ్ళే అయ్యుంటారు. నేను చదువుకోలేదు కాబట్టి నాకు తెలీదు. నీ ఇష్టం.

షాపులో పనుంది.

మావయ్య


లేడీస్ హాస్టల్
ఆగస్టు 2

మావయ్యా,

నీకు కోపమొస్తే ఉత్తరం చిన్నదవుతుందని నాకు తెలీదా? కోపమొచ్చినా బిందువులు మాత్రం గుండ్రంగానే పెట్టావు.

విను. నీ మాట తప్పు కాదు. నువ్వు ఎర్త్ వెయ్యమన్నది ఇనప పెట్టెకి. ఆ పెట్టె ఒంటికి ఎర్త్ గోడలోని మూడో పిన్ నుంచి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని ఎవరూ తియ్యలేదు, తియ్యకూడదు. నేను ఆ మాటని తీసుకెళ్ళి బయటికొచ్చే తీగలకి కూడా పెట్టేశాను. "కనబడితే బిగించు" అన్నావు, ఎందుకో నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. చిన్నప్పుడు నిన్ను నిమిషానికో ప్రశ్న అడిగేదాన్ని, అందుకే కదా మీటరని పేరు పెట్టావు. ఆ ఒక్కటీ మాత్రం ఎందుకు అడగలేదో.

కార్డు రాశాను. దీంతో పాటు పంపుతున్నా. మేడమ్ ఒకటే పేజీ అంది. చదివి ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ గీత పెట్టు. కోపం తగ్గాకే చదువు, లేకపోతే అన్ని చోట్లా గీతలే ఉంటాయి.

నీ మేనకోడలు


మోటార్ వైండింగ్ షాపు
ఆగస్టు 11

మీటరూ,

కోపం తగ్గింది. ఎలా తగ్గిందో చెబుతా.

అమ్మమ్మ టార్చిలైటు తీసుకుని రెండు సెల్స్ బయటికి లాగా. ఒకదాని మీద ఒకటి నిలబెట్టా. పైదాని అడుగు, కిందిదాని నెత్తి కలిశాయి. నువ్వన్న గొలుసు ఇదే కదా. ఇప్పుడు రెండిటి అడుగులూ ఒకే రాగి తీగతో కలిపా, రెండు ఎర్త్ పట్టీలు పెట్టినట్టు. కాసేపటికి కింది సెల్ కాలిపోతోంది! చప్పున తీగ లాగేశా. అమ్మమ్మ చేతిలో పెట్టి "ఎలా ఉందే?" అంటే "నీ బుర్రలా ఉంది, నా టార్చి నాకివ్వరా" అంది. పై సెల్ చల్లగానే ఉంది. కాసేపాగి తీగ ఒక కొసే తగిలించా, ఒక పట్టీ తీసేసినట్టు. ఈసారి రెండూ చల్లగానే ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, సెల్స్‌తో ఇలా చేసి చూడాలని ఒక్కసారీ తట్టలేదు. ఒప్పుకున్నా.

నేను చెప్పకుండా దాచింది కూడా ఒకటుంది. నా ఎడమచేతి రెండు వేళ్ళు వంగవు కదా, పుల్లీలో పడ్డాయని అందరికీ చెప్పా. అబద్ధం. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక నీళ్ళ మోటారు మీద చెయ్యి వేశా. దానికి ఎర్త్ లేదు, లోపలి తీగ చుట్ట దాని ఒంటికి తగిలింది. పట్టుకున్న చెయ్యి వదలలేదు. ఎవరో కర్రతో కొట్టి విడిపించారు. అమ్మమ్మకి తెలిస్తే పని మాన్పించేస్తుందని పుల్లీ అన్నా. అందుకే నీకు ఎర్త్ గురించి అంత గట్టిగా చెప్పా. ఎందుకో చెబితే ఈ కథంతా చెప్పాలి కదా, అందుకే మాటొక్కటే చెప్పా. అది పొరపాటని ఇప్పుడు తెలుస్తోంది.

ఇక కార్డు. కోపం లేకుండానే చదివా, అయినా ఏడు గీతలు పెట్టా.

నాలుగో లైను: "ఎరుపూ నలుపూ ఒక తీగతో కలిపి లిమిట్ పెట్టండి." ఇది చదివినవాళ్ళు నీకు మతిపోయిందనుకుంటారు. కావాలని షార్ట్ చేస్తారటే ఎవరైనా? తర్వాత బల్బు గుర్తొచ్చింది. బల్బు మధ్యలో ఉన్నప్పుడు రెండు కొసలు తాకించినా ఏమీ కాదు కదా, నేనూ అలాగే చూస్తా. నాకు బల్బు తెలుసు కాబట్టి తెలిసింది. తెలియనివాళ్ళ మాటేంటి?

ఏడో లైను: "రెండో పెట్టె ఎర్త్ పట్టీ తీయండి." ఎందుకు? నాలాంటోడు ఎవడైనా వస్తే చచ్చినా తియ్యడు. వాడికి నా వేళ్ళలాంటివి రెండు ఉంటే అసలు తియ్యడు.

ప్రతి లైను పక్కనా ఎందుకో రాయి. ఒక పేజీ చాలకపోతే వెనకవైపు కూడా రాయి. కాయితానికి రెండో వైపు ఎందుకిచ్చారో నువ్వే ఆలోచించు.

మావయ్య


లేడీస్ హాస్టల్
ఆగస్టు 30

మావయ్యా,

నీ ఉత్తరం చదివి ఆ పూట భోజనానికి వెళ్ళలేదు. దాని గురించి మనం కలిసినప్పుడు మాట్లాడదాం. అమ్మమ్మకి నువ్వే చెప్పు, నేను చెప్పను.

పరీక్ష నిన్న అయింది. మొదటినుంచీ రాస్తాను.

ముందురోజు మేడమ్ దగ్గరికెళ్ళి కార్డు రెండు వైపులా ఉందని చెప్పాను. పట్టీ ఎందుకు పెట్టానో కూడా అప్పుడే చెప్పాను, మా మావయ్య చెప్పిన జాగ్రత్త తప్పు చోట వాడానని. ఆవిడ కార్డు అటూ ఇటూ తిప్పి, "ఒక పేజీ అన్నాను కదా" అంది. "అవును మేడమ్. కారణాలు తీసేస్తే ఒకటే పేజీ. తీసేస్తే నేను చేసిన తప్పే ఇంకొకరు చేస్తారు" అన్నాను. "రేపు చూద్దాం" అంది. అంతే.

కార్డు పరీక్షకి ఆవిడ పిలిచింది ఎవర్నో తెలుసా? లైబ్రరీ ఆవిడని! లైటు స్విచ్ వెయ్యాలన్నా చేతికి రుమాలు చుట్టుకునే మనిషి. నేను రెండడుగుల దూరంలో నిలబడాలి, మాట్లాడకూడదు, చెయ్యి చూపించకూడదు. బాగుచేసిన బోర్డే బల్ల మీద పెట్టారు. మళ్ళీ పొగొస్తే నేను ఆ సాయంత్రమే బ్యాగు సర్దుకోవాలి.

లైబ్రరీ ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని కార్డు కథల పుస్తకంలా పైకి చదవడం మొదలుపెట్టింది. "'మూడు పిన్నుల ప్లగ్గు మాత్రమే వాడండి. మూడో పిన్ పెట్టె ఒంటికి ఎర్త్. అది మీ ప్రాణానికి కాపలా.' బావుందమ్మా, మర్యాదగా రాసింది." నాబ్‌లన్నీ సున్నాకి తిప్పింది. నాలుగో లైను దగ్గర ఆగింది. "ఎరుపూ నలుపూ కలపమంటోందేంటండీ? మా ఇంట్లో ఇలా చేస్తే పిల్లల్ని వాయించేస్తాను." మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆవిడ మళ్ళీ కార్డులోకి వంగింది. "'భయపడకండి. లిమిట్ సున్నా దగ్గర ఉంది కాబట్టి పెట్టె ఏమీ ఇవ్వదు. ఇప్పుడు వోల్టేజి కొద్దిగా పెట్టి, లిమిట్ నెమ్మదిగా పెంచి, కరెంటు మీటరు సున్నా పాయింట్ ఒకటి చూపించగానే ఆపండి. తర్వాత ఏ తప్పు జరిగినా అంతకు మించి పోదు.' ఓహో, ముందే కళ్ళెం వేస్తున్నామన్నమాట!" నీ బల్బు కంటే ఆ మాటే బావుంది, ఏమీ అనుకోకు.

రెండు పెట్టెలకీ లిమిట్ పెట్టింది. అవుట్‌పుట్ ఆపి తీగ తీసింది. ఏ తీగా లేకుండా పదిహేను వోల్టులు పెట్టి, మళ్ళీ ఆపింది. ఏడో లైను వచ్చింది. "'మొదటి పెట్టె పట్టీ ఉంచి, రెండోదాని పట్టీ తీయండి. పెట్టె ఒంటికి ఎర్త్ అలాగే ఉంటుంది, మీకేమీ కాదు. రెండు పట్టీలూ ఉంటే రెండో పెట్టె తనలో తనే షార్ట్ అవుతుంది.'" చదివి, తలూపి, పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. మావయ్యా, నువ్వుండాల్సింది.

గండం గడిచిందనుకున్నా. ఎనిమిదో లైను: "నల్లతీగతో మొదటి పెట్టె నలుపునీ రెండోదాని ఎరుపునీ కలపండి." ట్రేలో నల్లతీగ లేదు. పొద్దున క్లాసువాళ్ళు పట్టుకుపోయారు. నీలం తీగలే ఉన్నాయి. ఆవిడ నీలం తీగ ఎత్తి చూసింది, కార్డు చూసింది, తీగ కింద పెట్టేసింది. "ఇందులో నలుపని ఉంది" అని చేతులు కట్టుకుని కూర్చుంది.

నేను మాట్లాడకూడదు. మేడమ్ మాట్లాడదు. ఆవిడ కదలదు. గోడ గడియారం మాత్రమే తిరుగుతోంది. గంట కొట్టారు, పిల్లలు బయట అరుచుకుంటూ పోయారు. ఆవిడ ఇంటినుంచి తెచ్చుకున్న అల్లిక పని కూడా బయటికి తీసింది! ఏ రంగు తీగైనా ఒకటేనని నాకు తెలుసు. కానీ ఆవిడకి ఎవరు చెప్పారు? చెప్పాల్సింది నేను, చెప్పాల్సిన చోటు కార్డు. అందులో లేదు.

మేడమ్ మాట్లాడొద్దంది, చెయ్యి చూపించొద్దంది. రాయొద్దనలేదు. జేబులోంచి పెన్ను తీసి, బల్ల దగ్గరికెళ్ళి, కార్డు నా వైపు లాక్కుని ఎనిమిదో లైను కింద రాశాను: "నల్లది లేకపోతే ఏ రంగైనా వాడొచ్చు. తీగ లోపల రాగి ఒకటే, రంగు మన గుర్తు కోసం. రెండు చివర్లా 'సున్నా' అని చీటీ అంటించండి." కార్డు ఆవిడ ముందు పెట్టి, మళ్ళీ రెండడుగులు వెనక్కి వచ్చాను.

లైబ్రరీ ఆవిడ చదివింది. అల్లిక పక్కన పెట్టింది. చీటీలు కత్తిరించి తన అందమైన రాతతో 'సున్నా' 'సున్నా' అని రాసి అంటించింది. నీలం తీగ కలిపింది. బోర్డు తీగలు మూడూ పెట్టింది. చివరి లైను పైకి చదివింది: "'ఎర్రదీపం వెలిగితే లిమిట్ పెంచకండి. ఆపి, తప్పెక్కడుందో వెతకండి.'" రుమాలు చుట్టుకుని అవుట్‌పుట్ బటన్ నొక్కింది. పదిహేను, పదిహేను. ఎర్రదీపం వెలగలేదు. బోర్డు మీద పచ్చదీపం వెలిగింది. ఆవిడ "నేను చేశానా?" అని తన చేతులు తనే చూసుకుంది.

మేడమ్ లేచి కార్డు తీసుకుంది. నేను రాసిన లైను చూసింది. "పరీక్ష మధ్యలో కార్డు మార్చావు" అంది. "తప్పు కనబడింది మేడమ్, సరిచేశాను" అన్నాను. ఆవిడ కార్డు ఒకసారి వెనక్కి తిప్పి చూసింది. తర్వాత, "పోయిన నెల తప్పు కనబడితే నాబ్ పెంచావు. ఈసారి ఆగి వెతికావు. సోమవారం నుంచి మిగతా పరికరాలకి కూడా కార్డులు మొదలుపెట్టు. రెండు వైపులా" అంది. సంతకం లేకుండానే నవ్వింది మావయ్యా!

అమ్మకి చెప్పు, నేను తిరిగి రావట్లేదని. పండగలకీ పబ్బాలకీ వస్తాను, బ్యాగు సర్దుకుని రావట్లేదని సరిగ్గా చెప్పు, కంగారు పెట్టకు.

ఇంకో పనుంది. కొత్త కార్డు కాపీ దీంతో పాటు పంపుతున్నా. అచ్చు వేసే కార్డు అడుగున రెండు గడులున్నాయి, తయారు చేసినవారు, సరిచూసినవారు అని. రెండోదాంట్లో నీ పేరు రాస్తానన్నాను. ఏడు గీతల కథ విని మేడమ్ సరే అంది. కానీ పేరు పక్కన 'అర్హత' అని ఇంకో గడి ఉంది. ఖాళీగా వదలకూడదట. ఏం రాయమంటావు?

నీ మేనకోడలు


మోటార్ వైండింగ్ షాపు
సెప్టెంబరు 6

ఒసే మీటరూ,

ఉత్తరం మీ అమ్మకి మొత్తం చదివా, ఒక్క ముక్క మింగలేదు. నీలం తీగ దగ్గర "అయ్యో, ఆవిడకి ఎవరైనా చెప్పండర్రా" అని అరిచింది. నువ్వు పెన్ను తీసిన చోట మళ్ళీ చదవమంది, మూడుసార్లు చదివించుకుంది. ఇప్పుడు సంతోషపడుతోందే. టైము తీసుకుంది కానీ బాగానే పడుతోంది. పక్కింటావిడకి "మా అమ్మాయి ఎర్త్ తీసింది" అని చెప్పొచ్చింది. ఆవిడకేం అర్థమైందో దేవుడికెరుక.

అమ్మమ్మకి వేళ్ళ సంగతి చెప్పేశా. "నాకు అప్పుడే తెలుసురా, పుల్లీలో పడితే గోళ్ళు పోతాయి, నీకు పోలేదు" అంది. ఇన్నేళ్ళూ ఇద్దరం ఒకళ్ళ దగ్గర ఒకళ్ళం దాచుకున్నాం.

అర్హత గడి గురించి ఇంట్లో పెద్ద గొడవైంది. అమ్మమ్మ "నా కొడుకు అని రాస్తే చాలదా" అంది. మీ అమ్మ ముప్పై ఏళ్ళ అనుభవం అని రాయమంది. బావుంది కానీ, ఆ అనుభవంతోనే కదా నీ చేత రెండో పట్టీ బిగింపించింది. నేను మూడు రోజులు ఆలోచించా. నువ్వు పంపిన కొత్త కార్డు ఇంకోసారి తీసి రెండు వైపులా చదివా. ఈసారి ఎక్కడా గీత పెట్టలేదు.

ఇలా రాయి. అర్హత: ఈ కార్డు చదివి అర్థం చేసుకున్నాడు.

మావయ్య